రోమియో జూలియట్‌లో అసలు మలుపు ఏ సీన్‌లో ఉంది? సెమినార్‌కి కొంచెం సాయం కావాలి

గుంటూరు చదువరి:

అందరికీ నమస్కారమండి. నేను ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్నాను. వచ్చే నెల సెమినార్‌లో షేక్‌స్పియర్ రోమియో అండ్ జూలియట్ మీద మాట్లాడాలి, ముఖ్యమైన సన్నివేశాల విశ్లేషణ అని టాపిక్ ఇచ్చారు. దొరికిన గైడ్లన్నీ తిరగేశాను, అన్నిట్లో ఒకటే వరస, విందులో కలవడం, బాల్కనీ, కత్తియుద్ధం, సమాధి, అంతే. ఒక్కో సీన్ కింద కథ మళ్ళీ చెప్పేసి చివర్లో ఇదంతా విధి ఆడిన ఆట అని ఒక ముక్క రాసి ముగించేస్తారు. అది విశ్లేషణ ఎలా అవుతుందో నాకర్థం కావట్లేదు.

నా సందేహాలు ఇవి. ప్రోలోగ్‌లోనే, అంటే నాటకం మొదట్లో వచ్చే ముందుమాటలోనే, వీళ్ళిద్దరూ చచ్చిపోతారు అని చెప్పేస్తాడు కదా, మరి ఆ తర్వాత జనం దేనికోసం చూడాలి? రెండోది, జూలియట్ నిజంగా చావలేదని చెబుతూ ఫ్రయర్ (వాళ్ళకి చాటుగా పెళ్ళి చేసిన సన్యాసి) పంపిన ఉత్తరం రోమియోకి అందకపోవడం వల్లే ఇద్దరూ పోయారంటే అది యాక్సిడెంట్ కదండీ, ట్రాజెడీ అని ఎందుకు అంటున్నాం? మూడోది, నాకిచ్చే టైములో అన్ని సీన్లూ చెప్పలేను, ఒకటి పట్టుకుని దాని చుట్టూ మిగతావి అల్లాలి అనుకుంటున్నా, ఏది పట్టుకోమంటారు?

చదువుతున్నప్పుడు నాకైతే బాల్కనీ సీన్ దగ్గర కాదు, మూడో అంకం చివర జూలియట్ నాన్న ఇంట్లో అరిచే సీన్ దగ్గర గుండె పట్టేసినట్టయింది. కానీ గైడ్లలో దానికి నాలుగు లైన్లకి మించి లేదు. దాన్నే పట్టుకుంటే మా మేడమ్ ఒప్పుకుంటారా అని భయంగా ఉంది.


రిటైర్డ్ మాష్టారు:

అమ్మా, ముందు ప్రోలోగ్ సంగతి చూద్దాం. అది సానెట్ అనే 14 పంక్తుల పద్యం. ప్రేమికులు చనిపోతారు, వాళ్ళ చావుతో పెద్దవాళ్ళ పగ ఆరుతుంది అని మొదట్లోనే చెప్పేస్తుంది. మన సూత్రధారుడు ముందుకొచ్చి కథ చెప్పి వెళ్ళడం మనకి అలవాటే కాబట్టి ఇందులో మనకి వింతేం ఉండకూడదు. చివర తెలిసిపోయాక ప్రేక్షకుడు ఏం జరుగుతుందా అని చూడడు, ఇక్కడ ఆగి ఉంటే బతికేవాళ్ళు కదా, ఈ మాట చెప్పి ఉంటే తప్పిపోయేది కదా అని ప్రతి సీన్‌లోనూ వెతుక్కుంటాడు. నువ్వు విశ్లేషణ చెయ్యాల్సింది కూడా సరిగ్గా అదే చూపుతో.

రెండోది కాలం. షేక్‌స్పియర్ ఈ కథని ఆర్థర్ బ్రూక్ 1562లో అచ్చువేసిన పెద్ద పద్యకావ్యం నుంచి తీసుకున్నాడు. అందులో కథ నెలల తరబడి నడుస్తుంది. షేక్‌స్పియర్ దాన్ని ఆదివారం పొద్దున వీధి గొడవతో మొదలుపెట్టి ఆ వారం తిరక్కుండానే సమాధి దగ్గరికి తెచ్చేశాడు. ఆదివారం రాత్రి చూసుకున్నారు, సోమవారం పెళ్ళి, ఆ మధ్యాహ్నమే రెండు హత్యలు, మంగళవారం తెల్లవారకముందే విడిపోయారు. బ్రూక్ దగ్గర జూలియట్‌కి పదహారు, ఇక్కడ ఇంకా పద్నాలుగు నిండలేదు, జులై 31కి నిండుతాయని ఆ పిల్లని పెంచిన నర్స్ లెక్క చెబుతుంది. వయసు తగ్గించాడు, టైము తగ్గించాడు, ఈ రెండూ కావాలని చేసినవే.

ఇక విందు సీన్, మొదటి అంకం అయిదో రంగం. వాళ్ళిద్దరి మొదటి సంభాషణ కలిపితే ఒక సానెట్ అవుతుందని గైడ్లలో ఉండే ఉంటుంది. ఆ మాట చెప్పి ఆపేస్తే ఉపయోగం లేదు, ఎవరు ఏ లైన్లు మాట్లాడారో చూడు. మొదటి నాలుగు పంక్తులు రోమియోవి, నీ చెయ్యి పుణ్యక్షేత్రం, నా పెదవులు యాత్రికులు అంటాడు. తర్వాతి నాలుగూ జూలియట్‌వి. ఆ పిల్ల సిగ్గుపడి తల దించుకోలేదు, అతని పోలికనే తీసుకుని యాత్రికులు విగ్రహాన్ని తాకేది చేతులతో కదా అని తిప్పి కొట్టింది. మిగిలిన ఆరూ ఇద్దరూ పంచుకుని ముద్దు దగ్గర పూర్తి చేస్తారు. దీనికి ముందు రోమియో తను అప్పటిదాకా ప్రేమించిన రోసలైన్ గురించి ఎలా మాట్లాడాడో గుర్తు తెచ్చుకో, ఒక్కడే నిట్టూరుస్తూ, మంచుముద్ద నిప్పు, బరువైన తేలిక అంటూ మాటల గారడీ. ఆ రోసలైన్ స్టేజీ మీదికి రాదు, ఒక్క మాటా మాట్లాడదు. జూలియట్ మాట్లాడుతుంది, అతనికి సమానంగా మాట్లాడుతుంది, తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకోటి చూడు, ఈ సానెట్ ఎక్కడ కూర్చుందో. దానికి సరిగ్గా ముందు జూలియట్ బంధువు టిబాల్ట్ రోమియో గొంతు విని వీడు పగవాళ్ళైన మాంటెగ్యూల ఇంటివాడని గుర్తుపట్టి కత్తి తెమ్మంటాడు, జూలియట్ నాన్న కాపులెట్ తిట్టి ఆపుతాడు, ఇవాళ తియ్యగా ఉన్నది రేపు చేదవుతుంది అన్న అర్థంలో ఒక మాట విసిరి టిబాల్ట్ వెళ్ళిపోతాడు. అతని వీపు ఇంకా కనబడుతుండగానే రోమియో జూలియట్ చెయ్యి పట్టుకుంటాడు. రెండో సానెట్ మొదలెడతారు కూడా, నాలుగు పంక్తులు అవ్వగానే నర్స్ వచ్చి మీ అమ్మగారు పిలుస్తున్నారు అంటుంది. అది అక్కడితో ఆగిపోతుంది. నాటకమంతా ఇదే వరస, వీళ్ళు మొదలుపెట్టిన ఏ మాటనీ ఎవరూ పూర్తి చెయ్యనివ్వరు.

బాల్కనీ గురించి ఒక్క మాట. ఆ సీన్‌లో రోమియో చంద్రుడి మీద ఒట్లు వెయ్యబోతుంటే జూలియట్ అడిగేవన్నీ ఇంత ఎత్తు గోడ ఎలా దూకావు, మావాళ్ళు చూస్తే చంపేస్తారు, నీది పెళ్ళి ఉద్దేశమే అయితే రేపు మనిషిని పంపుతాను కబురు చెప్పు, ఎన్ని గంటలకి పంపను, ఇలాంటివి. మెరుపులా ఉంది, మరీ తొందరైపోతోంది అని ముందు భయపడిందీ ఆమే. ఈ ఒక్క సంగతి చెప్పినా నీ పేపర్ గైడ్లకన్నా పైనుంటుంది.


నాటకాల రాంబాణం:

మాష్టారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను కానీ మలుపు ఎక్కడా అంటే నా ఓటు మూడో అంకం మొదటి రంగానికే. మేం ఔత్సాహిక బృందంగా నాటకాలు వేస్తుంటాం, ఈ సీన్ రిహార్సల్ చేస్తే తప్ప దాని బలం తెలియదు.

అప్పటిదాకా నాటకం చూడండి, ముసుగులేసుకుని విందుకి వెళ్ళడం, వాగుడుకాయ నర్స్, ఎప్పుడూ జోకులేసే స్నేహితుడు, చాటుగా పెళ్ళి, ఇవన్నీ ఆ రోజుల్లో కామెడీ నాటకాల సరుకు. టికెట్ కొన్నవాడికి ప్రోలోగ్ గుర్తు లేకపోతే పెద్దవాళ్ళు చివర్లో ఒప్పుకుంటారులే అనిపిస్తుంది. ఆ స్నేహితుడు మెర్క్యూషియో పడిపోయిన క్షణం నుంచి ఆ రకం నాటకం ఇక లేదు.

ఎలా పడిపోయాడో చూడండి. రోమియోకి పెళ్ళై గంట అయింది, టిబాల్ట్ ఇప్పుడు బావమరిది వరస. టిబాల్ట్ నువ్వు నీచుడివి అంటే రోమియో నిన్ను ప్రేమించడానికి నాకు కారణం ఉంది, అది నీకు తర్వాత తెలుస్తుంది అంటాడు. ఆ కారణం స్టేజీ మీద ఉన్నవాళ్ళలో అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు, హాల్లో కూర్చున్న మనకి తెలుసు. బయటికి చెప్పలేడు. మెర్క్యూషియోకి అది పిరికితనంగా కనబడింది, స్నేహితుడి పరువు కోసం తను కత్తి దూశాడు. రోమియో ఆపడానికి మధ్యలో దూరాడు, ఆ చెయ్యి కిందనుంచే టిబాల్ట్ పొడిచాడు. మేం చేసినప్పుడు ఆ చెయ్యి పొజిషన్ కోసమే ఎక్కువ సేపు కష్టపడ్డాం, ఎందుకంటే జనానికి ఆ చెయ్యి స్పష్టంగా కనబడాలి. మంచి చెయ్యబోయిన చెయ్యే అడ్డమై కళ్ళు కప్పింది. మెర్క్యూషియో నువ్వెందుకు మధ్యలో వచ్చావురా అని అడిగితే రోమియో దగ్గర ఉన్న జవాబు ఒకటే, మంచికే అనుకున్నాను అని. ఫ్రయర్ పెళ్ళి చేసింది మంచికే, జూలియట్‌కి చచ్చినట్టు నిద్రపుచ్చే మందు ఇచ్చింది మంచికే, నర్స్ సలహా చెప్పింది కూడా తన లెక్కలో మంచికే. ఈ ఒక్క జవాబు పట్టుకుని నాటకం మొత్తం నడిచిపోవచ్చు.

మెర్క్యూషియో చావు కూడా వింతగా రాశాడు. అప్పటికీ జోకులు ఆపడు, గాయం నీళ్ళ బావి అంత లోతు లేదు, చర్చి గుమ్మమంత వెడల్పు లేదు, అయినా సరిపోతుందిలే అంటాడు. అందుకే పక్కనున్నవాళ్ళు నమ్మరు, రోమియో కూడా పెద్ద దెబ్బేం కాదులే ధైర్యంగా ఉండు అంటాడు. ఆ చివరి మాటలు చాలావరకు పద్యంలో కాకుండా వచనంలో ఉంటాయి, నటుడికి అది ప్రాణం, ఊపిరి ఆడట్లేదని లైనే చెప్పేస్తుంది. మీ రెండిళ్ళకీ ప్లేగు తగలాలి అని మళ్ళీ మళ్ళీ శపిస్తాడు. అతను ఆ రెండిళ్ళవాడు కాదు, ఊరిని ఏలే ప్రిన్స్ బంధువు. పగతో సంబంధం లేనివాడు ముందు పోయాడు.

బ్రూక్ కావ్యంలో మెర్క్యూషియో చావే లేదు, అక్కడ టిబాల్ట్ మీదపడితే రోమియో ఆత్మరక్షణ కోసం చంపుతాడు. షేక్‌స్పియర్ మార్చాడు కాబట్టే ఇక్కడ టిబాల్ట్‌ని చంపడం రోమియో చేతులారా చేసిన పని అయింది. ప్రేమ నన్ను మెత్తబరిచింది అని తనమీద తనే కోపం తెచ్చుకుని వెనక్కి వచ్చిన టిబాల్ట్ మీదికి వెళ్ళాడు. ఆ తర్వాత అదృష్టం నన్ను ఆడించింది అంటాడు కానీ, కత్తి పట్టింది అదృష్టం కాదు కదండీ.


ఓరుగల్లు పోరడు:

ఉత్తరం సంగతి నేను చెప్త. చాలామంది అది ఉత్తి యాక్సిడెంట్ అని కొట్టిపడేస్తరు, అక్క కూడా అదే అడిగింది. నేను ఆ పార్ట్ మస్తు సార్లు చదివిన, అది అంత సింపుల్‌గ లేదు.

ఆ ఉత్తరం తీస్కపోయే ఇంకో సన్యాసి ఫ్రయర్ జాన్, వెళ్ళగొడితే రోమియో పోయి ఉన్న మాంటువా ఊరికి పొయ్యేముందు తోడుకోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంట పోతడు, ఆయన రోగుల ఇండ్లల్ల తిరుగుతున్నడు. ఊరి ఆరోగ్యం చూసే అధికారులు మీరిద్దరు ప్లేగు ఉన్న ఇంట్ల ఉన్నరని అనుమానపడి తలుపులకు సీలేసిన్రు. ఉత్తరం వాపస్ పంపనీకి గూడ మనిషి దొరకలే, అంటుకుంటదని అందరికి భయం. నాటకం రాసిన కాలం చూడున్రి, లండన్‌ల 1592 నుంచి 1594 దాక ప్లేగు వల్ల థియేటర్లు చాలా వరకు మూసే ఉన్నయ్. ఇండ్లకు తాళాలు పడుడు ఆ జనం కండ్లార చూసిన్రు, మనం 2020ల చూసినట్టే. వాళ్ళకు ఇది దేవుడు ఆడిన నాటకం లెక్క అనిపియ్యది, నిన్న మా వీధిల జరిగిందే కదా అనిపిస్తది. పైనన్న చెప్పిన ప్లేగు శాపం గూడ ఇక్కడికే వచ్చి తగిలింది, రెండిండ్లకు ప్లేగు తగలాలె అన్నడు, నిజంగ ప్లేగే ఉత్తరాన్ని ఆపింది.

గని అసలు పాయింట్ వేరే ఉన్నది. పారిస్ అనే దొరకిచ్చి జూలియట్ పెండ్లి గురువారం అని కాపులెట్ పెట్టిండు. జూలియట్ ఫ్రయర్ దగ్గర మందు తీస్కొని ఇంటికొచ్చి నాయిన కాళ్ళమీద పడి తప్పైంది, మీరు చెప్పినట్టే వింట అన్నది. ముసలాయన మురిసిపోయి అట్లయితే రేపే, బుధవారమే చేద్దాం అన్నడు. దాంతోని ఆ పిల్ల ఒక రాత్రి ముందుగానే మందు తాగాల్సి వచ్చింది. ఆ మందు 42 గంటలు పనిచేస్తది అని ఫ్రయర్ లెక్కగట్టి పెట్టుకున్న ప్లాన్ మొత్తం ఒక దినం ముందుకు జరిగింది. అంటే అక్క, కూతురు ఎదిరిస్తే ఇల్లు మండింది, లోబడ్డట్టు చేస్తే టైం పోయింది. దీనికి చుక్కలు, గ్రహాలు ఏం చేసినయ్? పెద్దమనిషి సంబరమే చేసింది.

రోమియో దిక్కుకు వస్తె, ఆయన పనిమనిషి బల్తజార్ వచ్చి ఆమె చచ్చిపోయింది, సమాధిల పెట్టుడు నా కండ్లతోని చూసిన అన్నడు. రోమియో చుక్కల్లారా మిమ్ముల ధిక్కరిస్తున్న అని అరిచిండు. ఆ వెనుకనే ఫ్రయర్ దగ్గర నుంచి ఉత్తరం ఏమన్న తెచ్చినవా అని అడిగిండు. లేదయ్యా అంటే సరే పోనీ అన్నడు. ఆ పోనీ దగ్గర నాకు ప్రతిసారి చదువుడు ఆగిపోతది. ఒక్క రోజు ఆగి ఫ్రయర్‌ను అడిగితే అయిపోవు. విధిని ధిక్కరిస్త అనుకుంటనే విధి చెప్పిన జాగకు ఉరికిండు.

మందుల దుకాణపాయన సీన్ గూడ వదలకున్రి. విషం అమ్మితే మరణశిక్ష అని ఆయనకు తెలుసు, ఒప్పుకునేది నా బీదతనం, నా మనసు కాదు అంటడు. రోమియో 40 బంగారు డకట్లు చేతిల పెట్టి నేనే నీకు విషం అమ్మిన, నువ్వు నాకు అమ్మలే, బంగారమే పెద్ద విషం అంటడు. చిన్న సీనే గని మనసుకు పట్టుకుంటది.


సీతమ్మధార:

చెల్లీ, నీకు గుండె పట్టేసిన సీనే తీసుకో. అనుమానమే పెట్టుకోకు. మూడో అంకం అయిదో రంగం, నా దృష్టిలో నాటకానికి ఇరుసు అదే. మెర్క్యూషియో చావుతో కథ తిరిగింది నిజమే, కానీ అప్పటికి ఇంకా దారులున్నాయి. రోమియో బతికే ఉన్నాడు, మాంటువా దూరం కాదు, ప్రిన్స్ ఉరి వెయ్యకుండా ఊరి బయటికే పంపాడు, కొన్నాళ్ళకి పెద్దల్ని ఒప్పిస్తానని ఫ్రయర్ చెప్పాడు. ఆ దారులన్నీ ఒక పొద్దుటిపూట ఇంట్లోనే మూసుకుపోతాయి.

దీనికి ముందు నాలుగో రంగం చూడు, ముప్పై పైచిలుకు పంక్తులే. సోమవారం రాత్రి పొద్దుపోయాక కాపులెట్, భార్య, పారిస్ కింద నిలబడి పెళ్ళి ముహూర్తం మాట్లాడుకుంటారు. బుధవారం మరీ దగ్గర, గురువారం చేద్దాం అంటాడు, టిబాల్ట్ పోయిన ఇల్లు కాబట్టి ఓ అరడజను మందిని పిలిస్తే చాలంటాడు. పిల్ల మాట వింటుందిలే అని ధీమా. సరిగ్గా అదే సమయానికి మేడమీద గదిలో ఆ పిల్ల భర్తతో ఉంది. ఇదే కాపులెట్ మొదటి అంకంలో పారిస్‌తో ఏమన్నాడో పక్కన పెట్టుకుని చదువు. ఇంకా చిన్నపిల్ల, రెండేళ్ళు ఆగు, ముందు దాని మనసు గెలుచుకో, నా ఇష్టం ఒక్కటే సరిపోదు దాని ఒప్పుదల కావాలి అన్నాడు. ఆ మనిషే ఈ మనిషి. రాక్షసుడిగా రాయలేదు, అందుకే భయం వేస్తుంది. ఇలాంటి నాన్నలు మనకి తెలుసు, ముద్దు చేసినన్నాళ్ళూ చేస్తారు, కాదు అన్న మాట మొదటిసారి విన్నరోజున మనిషి మారిపోతారు.

ఇప్పుడు అయిదో రంగం. తెల్లవారుతుంటే అది పొద్దున కూసే భరతపక్షి (లార్క్) కాదు, రాత్రి పాడే నైటింగేల్ పిట్టే అని జూలియట్ వాదిస్తుంది, వెళ్ళకపోతే చంపేస్తారని రోమియో అంటే కాసేపటికి తనే వెళ్ళిపొమ్మంటుంది. కిందికి దిగుతున్న అతన్ని పైనుంచి చూసి సమాధి అడుగున ఉన్న శవంలా కనబడుతున్నావు అంటుంది. అతను ప్రాణాలతో ఉండగా ఆమె చూసింది అదే ఆఖరు. అతను ఇటు వెళ్ళాడో లేదో అటు తల్లి వచ్చింది.

తల్లి ముందు ఏడుస్తోంది కదా, అది టిబాల్ట్ కోసం అనుకుంటుంది ఆవిడ. రోమియోకి విషం పెట్టడానికి మాంటువాకి మనిషిని పంపిస్తానంటుంది. జూలియట్ చెప్పే జవాబులు చూడు, ప్రతి వాక్యం రెండు రకాలుగా వినొచ్చు, తల్లికి పగ మాటలా వినబడాలి, తనకి ప్రేమే. అబద్ధం ఒక్కటీ ఆడదు. పద్నాలుగు నిండని పిల్ల కన్నతల్లి ముందు ఇంత జాగ్రత్తగా మాటలు తూచి మాట్లాడాల్సి వస్తోంది. పెళ్ళి కబురు చెప్పగానే ఆ జాగ్రత్త పోతుంది, చేసుకోను అనేస్తుంది.

తర్వాత నాన్న. మొదట ఏడుస్తున్న కూతుర్ని చూసి జాలిగానే మాట్లాడతాడు, కాదంది అని తెలిశాక ఆగడు. ఈడ్చుకుపోతానంటాడు, చేతులు దురద పెడుతున్నాయంటాడు, ఒక్కతే కూతురని దేవుణ్ణి తప్పుపట్టాం, ఈ ఒక్కటే ఎక్కువైంది ఇప్పుడు అంటాడు. మాట వినకపోతే అడుక్కుతిను, ఆకలితో మాడు, వీధుల్లో చావు అని వెళ్ళిపోతాడు. నర్స్ అడ్డుపడి మీదే తప్పండీ అంటుంది, ఆ మాటకి ఆమెని కూడా కసురుతాడు. అప్పుడు జూలియట్ తల్లి వైపు తిరిగి అమ్మా నన్ను తోసెయ్యకు, ఒక నెల, ఒక వారం వాయిదా వెయ్యి అంటుంది. ఒక వారం చాలు అంటోంది ఆ పిల్ల. మాష్టారు చెప్పిన కాలం లెక్క ఇక్కడ పెట్టుకుని చూడు, ఆ వారం దొరికి ఉంటే ఉత్తరం చేరేది. తల్లి నాతో మాట్లాడకు, నీ ఇష్టమొచ్చింది చేసుకో, నీతో నాకు పని అయిపోయింది అనేసి వెళ్ళిపోతుంది.

ఇక మిగిలింది నర్స్. మొదటి అంకం మూడో రంగంలో ఆవిడ చెప్పుకున్న పెద్ద మాట గుర్తుందా, భూకంపం వచ్చిన రోజు, పావురాల గూటి గోడ పక్క ఎండలో కూర్చుని, చన్నుకి చేదు రాసి పాలు మాన్పించిన సంగతి. ఆవిడకీ సూసన్ అని ఒక కూతురు, ఇద్దరిదీ ఒకే వయసు, ఆ పిల్ల పోయింది. జూలియట్‌ని తన పాలిచ్చి పెంచింది. చదివేటప్పుడు అది హాస్యం కోసం పెట్టిన వాగుడు అనిపిస్తుంది, ఇక్కడికొచ్చాక దాని బరువు తెలుస్తుంది. ఓదార్పు మాట ఒక్కటి చెప్పు అని జూలియట్ అడిగితే, పారిస్‌ని చేసుకోవడమే మంచిది, అతని ముందు రోమియో గిన్నెలు తుడిచే గుడ్డ అంటుంది. ఇది నీ మనసులోంచే చెబుతున్నావా అని అడుగుతుంది పిల్ల. మనసులోంచీ ఆత్మలోంచీ కూడా, కాకపోతే రెండూ నాశనమైపోనీ అంటుంది. ఆమెన్ అంటుంది జూలియట్. నర్స్‌కి అర్థం కాలేదు, ఏంటీ అంటుంది. నువ్వు నన్ను చాలా బాగా ఓదార్చావు, అమ్మకి చెప్పు నేను ఫ్రయర్ దగ్గరికి పాపం చెప్పుకోడానికి వెళ్ళానని అంటుంది. అరవలేదు, ఏడవలేదు. నర్స్ వెళ్ళాక, ఇక నుంచి నా మనసులో మాట నీకు తెలియదు అనుకుంటుంది. అప్పటిదాకా ఆ పిల్ల ప్రతి విషయం నర్స్‌కి చెప్పింది, ఇక్కడినుంచి చివరిదాకా ఒక్క ముక్క చెప్పదు.

ఇప్పుడు ఈ సీన్ చేతిలో పెట్టుకుని నాలుగో అంకం మూడో రంగానికి వెళ్ళు, మందు తాగే రాత్రి. తల్లినీ నర్స్‌నీ ఇద్దర్నీ బయటికి పంపేస్తుంది. గది ఖాళీ అవ్వగానే ఒళ్ళు చల్లబడిపోతోంది, వాళ్ళని వెనక్కి పిలుస్తాను అనుకుని నర్స్ అని పిలిచేస్తుంది. వెంటనే, ఆవిడొచ్చి ఏం చేస్తుంది ఇక్కడ, ఈ సీన్ నేనొక్కదాన్నే ఆడాలి అంటుంది. భయం వేసి చిన్నపిల్లలా పిలిచింది, పిలిచాక పెద్దదైపోయింది, రెండూ రెండు పంక్తుల్లో. ఆ తర్వాత ఫ్రయర్ మీద కూడా అనుమానం వస్తుంది, ఇది నిజంగా విషమేమో, పెళ్ళి చేసిన సంగతి బయటపడుతుందని నన్ను చంపుతున్నాడేమో అని. ముందే మెలకువ వస్తే గాలి ఆడక చస్తానేమో, టిబాల్ట్ శవం పక్కన పిచ్చెక్కి తాతల ఎముకతో తల బద్దలు కొట్టుకుంటానేమో అని అన్నీ ఊహించుకుని కూడా తాగుతుంది.

సమాధిలో మెలకువ వచ్చాక ఎవరున్నారో చూడు. ఫ్రయర్ ఉన్నాడు, రా నిన్ను సన్యాసినుల మఠంలో పెడతాను అంటాడు, బయట కాపలావాళ్ళ చప్పుడు వినగానే ఇంకా ఉండే ధైర్యం లేదని పారిపోతాడు. నాన్న, అమ్మ, పెంచిన మనిషి, గురువు, ఒక్కొక్కరే వరసగా బయటికి నడిచారు. అందుకే ఉత్తరం ఒక్కటీ అందకపోవడం అంత పని చేసింది, ఆ పిల్లకి వేరే మనిషంటూ మిగలకుండా చేశాక ఆ కాయితం మీదే ప్రాణం పెట్టాల్సి వచ్చింది. నీ రెండో సందేహానికి నా జవాబు ఇదే. స్టేజీ మీదనుంచి ఎవరు వెళ్ళిపోతున్నారు, వెళ్తూ ఆఖరున ఏమన్నారు అని ఒక్కో సీన్‌లో రాసుకో, నీ పేపర్ దానంతట అదే తయారవుతుంది.


గుంటూరు చదువరి:

అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మాష్టారూ, రాంబాణం గారూ, ఓరుగల్లు తమ్ముడూ, అందరికీ చాలా చాలా థాంక్స్. అయిదో రంగాన్నే మధ్యలో పెట్టుకుంటాను, మొదట్లో కాపులెట్ పారిస్‌తో అన్న మాటలు, నర్స్ పాలు మాన్పించిన కథ, తర్వాత నర్స్ అని పిలిచి ఆగిపోయిన చోటు, అక్కడినుంచి సమాధి. బుధవారానికి జరపడం కూడా తప్పకుండా చెబుతాను, అది ఏ గైడ్‌లోనూ కనబడలేదు నాకు.

ఇంకొక్కటి అడుగుతాను. ఇద్దరూ చనిపోయాక కూడా నాటకం చాలాసేపు నడుస్తుంది, ఫ్రయర్ వచ్చి మనకి తెలిసిన కథంతా మళ్ళీ మొదటినుంచి చెబుతాడు, తర్వాత తండ్రులిద్దరూ చేతులు కలుపుతారు. ఆ భాగం నాకు సాగదీసినట్టనిపించింది. వదిలెయ్యొచ్చా?


రిటైర్డ్ మాష్టారు:

వదలకమ్మా. ప్రదర్శనల్లో ఆ భాగాన్ని చాలామంది కత్తిరిస్తారు, నిజమే. ఆ సీన్‌ని మార్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, గారిక్ అనే నటుడు 1748లో వేసిన రూపంలో రోమియో ప్రాణం పోకముందే జూలియట్ లేచి ఇద్దరూ మాట్లాడుకుంటారు, దాదాపు వందేళ్ళు జనం అదే చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. షేక్‌స్పియర్ ఆ ఆఖరి మాట కూడా వాళ్ళకి దక్కనివ్వలేదు. రోమియో ఆమె పెదవుల్లో బుగ్గల్లో ఎరుపు ఇంకా పోలేదని పైకి అని కూడా విషం తాగాడు, ఆమె లేచి ముద్దు పెట్టుకుంటే అతని పెదవులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మధ్యలో ఎంతసేపు తేడా ఉందో ఈ రెండు వివరాలే చెబుతాయి, పేపర్‌లో పెట్టుకో.

ఫ్రయర్ చెప్పేది మనకి తెలిసిన కథే, కానీ అక్కడ నిలబడ్డ తల్లిదండ్రులకి తెలీదు కదా. తమ కూతురికి పెళ్ళైందని కాపులెట్‌కి ఆ నిమిషం దాకా తెలియదు. బుధవారం పెళ్ళికూతుర్ని చెయ్యబోయిన పిల్ల అప్పటికే ఒకరి భార్య అని, తను వీధుల్లో చావు అన్న పొద్దున ఆ పిల్ల ఎందుకు కాదందో, అంతా శవం ముందు నిలబడి వింటున్నాడు. నాటకం వేసేవాళ్ళు అక్కడ ఫ్రయర్ మీద కాకుండా వింటున్న ఆ ఇద్దరి ముఖాల మీద వెలుతురు వెయ్యాలి. రోమియో తల్లి అక్కడ లేదు, కొడుకుని వెళ్ళగొట్టిన దిగులుతో ఆ రాత్రే పోయింది. నర్స్ కూడా లేదు, చివరి రంగంలో ఆవిడకి మాటే రాయలేదు. ప్రిన్స్ కూడా మెర్క్యూషియో, పారిస్ ఇద్దర్నీ పోగొట్టుకున్నాడు, మీ గొడవల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు నాకూ శిక్ష పడింది అంటాడు.

చేతులు కలపడం కూడా మాట మాటగా చదువు. మాంటెగ్యూ నీ కూతురికి మేలిమి బంగారంతో విగ్రహం చేయిస్తానంటాడు, కాపులెట్ దానికి తగ్గట్టే రోమియోది కూడా పక్కన పెట్టిస్తానంటాడు. బతికుండగా ఒక్క మాట వినమని మోకాళ్ళ మీద వేడుకుంటే వినని మనిషి ఇప్పుడు బంగారం ఇస్తున్నాడు. దాన్ని రాజీ అనొచ్చా లేదా అని మీ క్లాసులో అడుగు, వాళ్ళే తేలుస్తారు. టైము సరిపోకపోతే బాల్కనీ తగ్గించుకో, ఇది మాత్రం తగ్గించకు.